హార్లన్ తరఫువాళ్లు

అమెరికా వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాడూ నన్ను అడిగేది ఒకటే: "ఏం తెచ్చావు?" తెచ్చాను నాయనా, చాక్లెట్లు తెచ్చాను, సబ్బులు తెచ్చాను, మా బావమరిది ప్రాణం తోడేస్తే గడ్డం గీసుకునే మిషనొకటి తెచ్చాను. ఏం చూశావని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. అడగనివాడికి చెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్లకి మొన్న మా మేనకోడలు అడిగింది కాబట్టి చెబుతున్నాను. మధ్యలో ఎవరైనా ఫోను చూసుకుంటే మాత్రం అక్కడితో ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

2013లో నేను ఇంజనీరు రెజిమెంటులో నాయబ్ సుబేదారుని. పేరు శేషగిరి, మాది కొవ్వూరు దగ్గర. ఎక్కడా యుద్ధం లేదు. పంజాబు ఎండలో కుర్రాళ్ల చేత కాలవ మీద వంతెన కట్టించడం, విప్పించడం, మళ్లీ కట్టించడం, అదీ నా ఉద్యోగం. ఒకరోజు మేజర్ సాబ్ పిలిచి, "శేషగిరి సాబ్, మీరు అమెరికా వెళ్తున్నారు" అన్నాడు. ఆ ఏడు మన దళం ఒకటి అక్కడి సైన్యంతో కలిసి కసరత్తు చేయడానికి వెళ్తోందని నాకు తెలుసు. కానీ పేర్లు ఎప్పుడో ఖరారయ్యాయి. అందరూ నాకన్నా చిన్నవాళ్లు, ఇంగ్లీషు దంచేవాళ్లు. నా ఇంగ్లీషు 'యెస్ సర్' తో మొదలై 'నో సర్' తో అయిపోతుంది.

"నన్నెందుకు సాబ్, వంట చెయ్యడానికా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అక్కడొక ముసలావిడ మిమ్మల్ని చూడాలని పట్టుబట్టింది. హార్లన్ విట్లో చెల్లెలు."

ఆ పేరు నేను మరిచిపోయేది కాదు. ఎందుకో చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పుడు మా దళం అరుణాచల్‌లో ఉండేది. లోహిత్ నదికి పైన, మనిషి అలికిడి లేని కొండల్లో బాట ఎక్కడ వేయొచ్చో చూసి రమ్మని మమ్మల్ని పంపారు. మా నాయకుడు సుబేదార్ వీరభద్రం. ఆయనదీ మా జిల్లాయే, విశ్వబ్రాహ్మణుల ఇంట్లో ఉలి పట్టి పెరిగినవాడు. పనిలో రాక్షసుడు, మాటలో మహా మొండి. పొద్దున్నే స్నానం, సంధ్య అయితేగాని మంచినీళ్లు ముట్టేవాడు కాదు. మంచులోనూ అంతే, మేం పళ్లు టకటకలాడించుకుంటూ చూసేవాళ్లం. ఆ కొండల్లో ఒక చోట, వెదురు పొదల వెనక మాకు విమానం కనబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి చైనాకి సరుకులు మోస్తూ ఆ కొండల్లో చాలా విమానాలు రాలిపోయాయని వినడమే గాని చూడటం అదే మొదలు. రేకులు నాచు పట్టి పచ్చగా ఉన్నాయి. లోపల ఎముకలు, ఒక బూటు, సైనికులు మెడలో వేసుకునే రేకు బిళ్ల. బిళ్ల తుడిస్తే పేరు చదవడానికి వచ్చింది: హార్లన్ విట్లో.

అలాంటివి దొరికితే ముట్టుకోకుండా, ఫోటో తీసుకుని, పైవాళ్లకి కబురు చెప్పాలి. అది పద్ధతి. ఆ పద్ధతి మాకెవరూ అప్పటికి చెప్పలేదు. చెప్పినా వీరభద్రం గారు వినేవాడు కాదు.

"ఒరే శేషగిరీ, అరవై ఏళ్ల పైనుంచి దిక్కూ మొక్కూ లేకుండా పడున్నాడ్రా" అన్నాడు. "ఏ తల్లి కన్న బిడ్డో! అగ్గి లేదు, నీళ్లు లేవు. చూసి కూడా వదిలేసి పోతే మనం మనుషులమేనంట్రా?"

తన కొత్త తువ్వాలు పరిచి, కనబడిన ప్రతి ఎముకా ఏరి మూట కట్టాడు. ఆ మూటని ఇంకెవరినీ మొయ్యనివ్వలేదు. కిందికి దిగాక పరశురామ కుండం దగ్గర లోహిత్ నీళ్లలో నడుములోతున నిలబడి, మంత్రం చదివి, నదిలో కలిపేశాడు. తల్లిని చంపిన పాపాన్ని పరశురాముడు కడుక్కున్న నీళ్లు అవి. ఇంతకన్నా మంచి చోటు ఈ అబ్బాయికి ఎక్కడ దొరుకుతుందిరా అన్నాడు. నేను గట్టున నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. మంచిపని చేశామని అందరం తృప్తిగా అన్నం తిన్నాం.

రేకు బిళ్ల పైకి వెళ్లింది. కొన్నాళ్లకి అమెరికా నుంచి ఒక బృందం దిగింది, ఎముకల కోసం. ఎముకలేవి అంటే, నదిలో ఉన్నాయి అని చెప్పాం. వాళ్ల కెప్టెను ముఖం నాకింకా గుర్తే. తిట్టలేదు, అరవలేదు. కాసేపు నది వైపు చూసి, "పైకి దారి చూపిస్తారా?" అని మాత్రం అడిగాడు. నేనే తీసుకెళ్లాను. ఆ మనుషులు మోకాళ్ల మీద కూర్చుని, ఆ కొండమట్టినంతా పిండి జల్లించినట్టు జల్లించారు. వానొస్తే టార్పాలిన్ కట్టుకుని జల్లించారు. చివరికి రెండు పళ్లూ, వేలెముక ముక్క ఒకటీ దొరికాయి. వాటిని అట్టపెట్టెలో దూది మధ్య పెడుతూ ఒక కుర్రాడు సెల్యూట్ చేశాడు. రెండు పళ్లకి సెల్యూటా అని నేను నోరు వెళ్లబెట్టి చూశాను. ఆ తర్వాత హార్లన్ చెల్లెలి ఉమ్మితో డీఎన్ఏ పోల్చి చూసి, అవి అతనివేనని వాళ్ల ల్యాబులో తేల్చారట. ఆ ముక్కలకే ఇప్పుడు అంత్యక్రియలు. ఈలోగా వీరభద్రం గారు రిటైరయ్యాడు, ఇంటికెళ్లిన రెండో ఏడే గుండెపోటుతో పోయాడు. మిగిలింది నేను.

అమెరికాలో మా స్థావరం హార్లన్ రాష్ట్రమైన నార్త్ కరోలినాలోనే, పైన్ అడవుల మధ్య. అడవి అంటే అడవే, కానీ ఎవరో దువ్వెనతో దువ్వినట్టు ఉంటుంది. పొద్దున్నే ఆ చెట్ల మీద ఆకాశం నిండా పారాచూట్లు దిగుతుంటే మా కుర్రాళ్లు టీ చల్లారిపోయేదాకా తలెత్తి చూసేవాళ్లు. నేను మందలించాల్సింది పోయి వాళ్లతో పాటే నిలబడేవాణ్ణి. ఒకసారి సబ్బులు కొనడానికి ఊళ్లో దుకాణానికి వెళ్తే, కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన నా యూనిఫాం చూసి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. ఏ దేశం సైన్యమని కూడా అడగలేదు. నేను సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో జనరల్ పెట్టెలో, పాయిఖానా తలుపు పక్కన, నా ట్రంకు మీద కూర్చుని వచ్చేవాణ్ణి. "జరుగవయ్యా" అన్నవాళ్లే గాని చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు. ఆయన వెళ్లిపోయాక కూడా నేను ఆ సబ్బుల వరస దగ్గరే కాసేపు ఉండిపోయాను.

మేజర్ సాబ్ మాత్రం నన్ను పక్కకి పిలిచి గట్టిగా చెప్పాడు. "ఆవిడకి నది సంగతి తెలీదు. వాళ్ల ఆఫీసర్లు కూడా చెప్పలేదు. మిగతాది కొండలో కలిసిపోయిందని అనుకుంటోంది. ఎనభయ్యైదేళ్ల మనిషి, అంత్యక్రియల ముందు ఆ మాట వింటే తట్టుకోలేదు. మీరు చూశారు, దారి చూపించారు. అంతే. సమఝ్ గయే?"

"జీ సాబ్" అన్నాను. అబద్ధం చెప్పమని కాదుగదా, నోరు మూసుకోమనే కదా అని సర్దిచెప్పుకున్నాను.

నాకు మాట సాయానికి దగ్గర్లోని క్యారీ అనే ఊరి నుంచి పద్మజ అనే తెలుగావిడ వచ్చింది. మందుల కంపెనీలో సైంటిస్టు. "తెలుగు అసోసియేషన్‌కి మెయిల్ వచ్చిందండీ, ఎవరైనా ట్రాన్స్‌లేట్ చేస్తారా అని. వీకెండే కదా, నేనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశా" అంది. ఆవిడ కారులోనే హార్లన్ శవపేటిక వెనక వెళ్లాం.

అది చెప్పకపోతే నేను అమెరికా చూసినట్టు కాదు. రాలీ విమానాశ్రయంలో మామూలు జనం ఎక్కే విమానంలోనే పెట్టె వచ్చింది. అది కిందికి దిగేదాకా లోపలివాళ్లు ఒక్కరూ సీట్లోంచి లేవలేదట. సామాన్లు మోసే కూలీలు టోపీలు తీసి వరసగా నిలబడ్డారు. అక్కడ్నించి అతని ఊరు పొగాకు చేల మధ్య, బాగా దూరం. ఆ దారి పొడుగునా మనుషులు! వంతెనల మీద జెండాలు పట్టుకుని నిలబడ్డారు. ట్రాక్టరు ఆపి, దిగి, టోపీ గుండెకి ఆనించుకున్న రైతుని చూశాను. చంకలో పిల్లని ఎత్తుకున్న తల్లులున్నారు. ఒక చోట రెండు ఫైరింజన్లు నిచ్చెనలు ఎత్తి, మధ్యలో గది గోడంత జెండా కట్టి, దాని కిందనుంచి మమ్మల్ని పోనిచ్చాయి.

"వీళ్లంతా అతని చుట్టాలా అమ్మా?" అని అడిగాను.

"కాదండీ. వీళ్లలో చాలామంది పుట్టకముందే పోయాడు కదా. ఇన్నేళ్ల నుంచి ఇక్కడున్నా, నేనూ ఇదే ఫస్ట్ టైమ్ చూడటం" అంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ డ్రైవ్ చేస్తోంది. రెండు పళ్లు, ఒక వేలెముక ముక్క! దానికోసం ఒక జిల్లా జిల్లా రోడ్డెక్కింది.

ఊళ్లో పెట్టె మూసేముందు నాకు చూపించారు. నిలువెత్తు మనిషి పట్టే పెట్టె. లోపల కంబళి మడత పెట్టి ఉంది. ఆ మడతలో ఎక్కడో ఆ మూడు ముక్కలున్నాయి. పైన, ఇస్త్రీ చేసిన కొత్త యూనిఫాం మనిషి పడుకున్నట్టే పరిచారు. చేతులు సర్ది ఉన్నాయి, పతకాలు వరసలో ఉన్నాయి, బొత్తాలు తళతళలాడుతున్నాయి. నేను అటెన్షన్‌లోకి వచ్చేశాను. ఎవరూ చెప్పలేదు. ఆ బట్టల లోపల ఉండాల్సినవాడు లోహిత్ నీళ్లలో ఉన్నాడు.

ఆ సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లాం. ఆవిడ పేరు ఎడ్నా. పిట్టంత మనిషి, పెదాలకి రంగు, చక్కగా దువ్విన తెల్లజుట్టు. వరండాలో కూర్చోబెట్టి ఐసు వేసిన తీపి టీ ఇచ్చింది. టీకి అంత అన్యాయం జరగడం నేనెక్కడా చూడలేదు, అయినా తాగాను. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అన్న పోయేనాటికి ఆవిడకి పదహారేళ్లు. శరీరం లేకుండా సమాధి రాయి మీద కొడుకు పేరు రాయించనని తల్లి మొండికేసి, తన సమాధికీ భర్త సమాధికీ మధ్య చోటు వదిలేయమందట. ఆ చోటు అలాగే ఉంది.

"నేను పోతే వాణ్ణి తలుచుకునేవాళ్లు భూమ్మీద లేరు. అందుకే నేనుండగానే వాడు ఇంటికి రావాలనుకున్నాను" అంది. పద్మజ ఒక్కో మాటా తెలుగులో చెబుతోంది. తర్వాత ఎడ్నా కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, నా వైపు తిరిగింది.

"వాణ్ణి ముందు చూసింది నువ్వేనటగా. ఆ పెట్టెలో ఎంత ఉందో నాకు తెలుసు. మిగతావాడు ఎక్కడ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేజర్ సాబ్ మాట ఒక పక్క. ఇంకో పక్క, దాదాపు డెబ్భయ్యేళ్లుగా అదే ప్రశ్న కడుపులో పెట్టుకున్న మనిషి నా కళ్లలోకి చూస్తోంది. కొండలో కలిసిపోయాడని ఒక్క మాట అంటే అయిపోతుంది. కానీ అతన్ని మూటలో ఎవరు మోశారో ఆవిడకి తెలియకుండా పోవడం నాకు అన్యాయంగా తోచింది. వీరభద్రం గారిని దొంగని చేసినట్టనిపించింది.

"నదిలో ఉన్నాడమ్మా" అన్నాను.

పద్మజ ఆగిపోయింది. "శేషగిరి గారూ, ఇది చెప్పొద్దన్నారు కదా. నేను వేరేగా ట్రాన్స్‌లేట్ చేసేయనా?" అంది గుసగుసగా.

నాకు చర్రున కోపం వచ్చింది. "నా నోట్లోంచి వచ్చిందే ఆవిడ చెవిలో పడాలి తల్లీ. చెప్పు."

మొత్తం చెప్పాను. తువ్వాలు, మూట, నడుములోతు నీళ్లు. ఎడ్నా అడిగింది: "ఆ నీళ్లలో నిలబడి ఏమని చదివాడు?"

"మాలో పోయినవాళ్లకి నీళ్లు వదిలేటప్పుడు ఫలానా గోత్రం, ఫలానా పేరు అని చెప్పాలమ్మా. చెప్పకపోతే ఆ నీళ్లు వాళ్లకి చేరవు. మీ అన్న పేరు బిళ్ల మీద ఉంది. గోత్రం తెలీదు. అందుకని వీరభద్రం గారు తన గోత్రమే ఇచ్చాడు. సుపర్ణస గోత్రం, హార్లన్ అని చెప్పి నీళ్లు వదిలాడు. అంటే ఆయన ఇంటివాడని లెక్క. ఆ ఇంటి చావే కాబట్టి మీసం తీసేశాడు, తల గొరిగించుకున్నాడు, పదిరోజులు మైల పట్టాడు. మా కల్నల్ చూసి, ఎవరు పోయారని అడిగితే, మా అబ్బాయే అన్నాడు."

పద్మజ మధ్యలో ఆగింది. మళ్లీ అందుకుంది. నేను ఆపలేదు.

"బతికున్నన్నాళ్లూ మహాలయ అమావాస్యకి తన తండ్రితో, తాతతో పాటు మీ అన్నకీ ఒక పిండం పెట్టాడు. ఆయన పోయాక ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు ఏటా హార్లన్ పేరున బియ్యం, పప్పు, కూరలు బ్రాహ్మడికి స్వయంపాకం ఇస్తోంది. పేరు పలకడం ఆవిడకి సరిగ్గా రాదు. అయినా మానలేదు."

ఎడ్నా కళ్లద్దాలు పెట్టుకుంది. కర్ర పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మేం ఎంతసేపు కూర్చున్నా మళ్లీ రాలేదు. "మనం వెళ్లిపోదామండీ" అంది పద్మజ.

మేజర్ సాబ్‌కి నేనే చెప్పాను. ఆయన నన్ను కడిగి ఆరేశాడు. ఇండియా వెళ్లాక విచారణ ఉంటుందన్నాడు. ఆ మాట నాకు చెవికెక్కలేదు. ఒక ముసలిదాని ఆఖరి ఆశ మీద మన్ను పోశానేమో, రేపు ఆవిడ ఆ పెట్టె వైపైనా చూడగలదా అని అదే బాధ. వీరభద్రం గారిమీద కూడా కోపం వచ్చింది. చేసేదంతా చేసి, జవాబు చెప్పడానికి నన్ను వదిలి పోయాడు మహానుభావుడు.

మర్నాడు చర్చి పక్క శ్మశానంలో ఊరు ఊరంతా నిలబడింది. తల్లి సమాధికీ తండ్రి సమాధికీ మధ్య గొయ్యి తవ్వారు. దాని ముందు పచ్చ మఖమలు తొడుగులు వేసిన కుర్చీలు ఒక వరస వేశారు. అవి కుటుంబానివి. ఆ వరసలో ఎడ్నా ఒక్కతే కూర్చుంది. మిగతా కుర్చీలన్నీ ఖాళీ. అంత జనంలో ఆ ఖాళీ కుర్చీలు చూడలేక నేను తల దించుకున్నాను. మా దళం అందరికన్నా వెనక ఉంది, నేను మా దళంలో చివర.

పాస్టరు పుస్తకం తెరవబోతుంటే ఎడ్నా చెయ్యెత్తి ఆపింది. పక్కనున్న ఆఫీసరుతో ఏదో చెప్పింది. ఆయన జనాన్ని దాటుకుంటూ, మా మేజర్ సాబ్‌ని కూడా దాటుకుని, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నన్ను పంపించేస్తున్నారనుకున్నాను. పద్మజ పరుగులాంటి నడకతో వచ్చింది.

"మీరు తప్పు చోట నిలబడ్డారని అంటోందావిడ. హార్లన్ తరఫువాళ్లు ముందు వరసలో కూర్చోవాలట."

ఎలా నడిచానో తెలీదు. ఎడ్నా తన పక్క కుర్చీ మీద చెయ్యి పెట్టి, ఇది ఖాళీగానే ఉండాలంది. "వీ-ర-భ-ద్రం" అని కూడబలుక్కుని పలికింది. రాత్రంతా ఆ పేరు నేర్చుకున్నానని పద్మజతో చెప్పిందట. దాని పక్క కుర్చీ నాది. కూర్చున్నాను.

పెట్టె మీది జెండాని అంగుళం తేడా రాకుండా మడిచి, ఆఫీసరు మోకాలి మీద వంగి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అందరినీ లేచి నిలబడమన్నారు. తుపాకులు పేలాయి. ఎక్కడో చెట్ల వెనక బ్యూగిల్ మొదలైంది. తుపాకి గౌరవానికి, బ్యూగిల్‌కి యూనిఫాంలో ఉన్నవాడు లేచి సెల్యూట్ చేయాలి. అది ఒంట్లో పాతుకుపోయిన సంగతి, ఆలోచన అక్కర్లేదు. నేను లేవబోయాను.

ఖాళీ కుర్చీ మీదుగా చెయ్యి చాపి ఎడ్నా నా మణికట్టు పట్టుకుంది. ఆ పిట్ట చేతిలో అంత బలం ఎక్కడిదో. తల అడ్డంగా ఊపింది. చుట్టూ చూశాను. ఊరు ఊరంతా నిలబడి ఉంది, మేజర్ సాబ్ సెల్యూట్‌లో ఉన్నాడు. కుటుంబం మాత్రం లేవకూడదు, అది వాళ్ల ఆచారం.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో చావులకి సెల్యూట్ చేశాను గాని ఏ చావుకీ కూర్చోలేదు. బ్యూగిల్ పూర్తయ్యేదాకా నేను లేవలేదు.